మోతీకి లోపమేమిటి?

ఊళ్ళో ప్రతి కుక్క మెడకూ మాటపట్టీ వచ్చాక, మనుషులు కుక్కలతో నోరు విప్పడం మానేశారు. ఫోనులో ఆజ్ఞ టైపు చేస్తే పట్టీయే దాన్ని కుక్కభాషలో మొరిగి చెప్పేది. మాట వినని కుక్కను పరీక్షించి, పనికిరాదని రాసిస్తే మందిచ్చి చంపేసేవారు. అలా రాసిచ్చే ఉద్యోగం హైమావతిది.

సీతమ్మధారలో పట్టాభి ఫ్లాటుకు ఆమె వెళ్ళేసరికి, ఆయన సోఫాలో పడుకుని ఫోను నొక్కుతున్నాడు. ఆయన కుక్క మోతీ బిక్కమొహంతో మూల ముడుచుకుని ఉంది.

"బంతి తెమ్మని పొద్దుట్నించి ముప్పైసార్లు టైపు కొట్టానమ్మా. మొద్దుది, కదిలితే ఒట్టు! రాసిచ్చెయ్యండి."

హైమావతి పట్టీ విప్పేసి, నేలమీద కూర్చుని "మోతీ" అని పిలిచింది. అది తలెత్తగానే దాని కళ్ళలోకి చూసి, బల్ల కిందికి వేలు చూపింది. మోతీ అక్కడ దూరి, బంతి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

పట్టాభి లేచి కూర్చున్నాడు. "ఆ వేలికేం తగిలించారు? కొత్త మోడలా?"

"ఉత్త వేలేనండి. మీకూ పది ఉన్నాయి. దాన్ని చూస్తూ ఒక్కసారి చూపించండి."

ఆయన ఫోనులోంచి కళ్ళు తియ్యకుండానే గాల్లో ఎటో వేలు ఊపాడు. మోతీ ఆయన మొహంకేసి చూసి చూసి, ఉసూరుమంటూ పడుకుంది.

"చూశారా? నేనంటే లెక్కలేదు."

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. 'కుక్కకు లోపం లేదు. యజమాని పనికిరాడు. కుక్కను నేను తీసుకెళ్తున్నాను' అని కాగితం మీద రాసి ముందు పెట్టింది. ఆయన చదవకుండానే సంతకం గీకేశాడు.

ఆమె లేచి తన తొడమీద తట్టింది. మోతీ లేచి ఆమె వెంట మెట్లు దిగింది.