పేరు పెట్టని గొట్టం

"ఆ ఒక్కదానికీ పేరు పెట్టెయ్యమ్మా. విచారణవాళ్ళు మెట్లెక్కుతున్నారు," అన్నాడు మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి. "తేదీ సంగతి నేను చూసుకుంటా. మనం గొట్టం పంపాం, ఫిట్టరే బిగించలేదంటాం. పోయినవాడు వచ్చి కాదంటాడా?"

బాయిలరులో ఒత్తిడి పెరిగితే ఆవిరిని బయటికి వదిలే గొట్టం అది. తెరమీద నీలంగా, నిక్షేపంగా ఉంది. మా సాఫ్ట్‌వేర్‌లో గీసిన గొట్టానికి పేరు పెట్టి విడిగా సేవ్ చేస్తేనే వర్క్‌షాపు జాబితాకెక్కుతుంది. లేకపోతే బొమ్మలోనే ఉండిపోతుంది. నేను గీసిన ఈ గొట్టం అలాగే ఉండిపోయింది. బాయిలరు పేలిపోయింది.

పేరు రాయాల్సిన గడిలో కర్సరు మినుకుమంటోంది.

"ఇంకా ఏంటమ్మా ఆలోచన? నీ ఉద్యోగం కోసమేగా నా తాపత్రయం!"

బూట్ల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

పోయినవాడు రోజూ వస్తున్నాడు. పేలుడుకు ముందురోజు ఫోన్‌లో వినిపించిన గొంతుతోనే వస్తున్నాడు.

"అమ్మాయ్, ఇక్కడో గొట్టం తక్కువైనట్టుందే. ఓసారి చూడవూ?"

"జాబితాలో లేదంటే లేనట్టే బాబాయ్," అన్నాను, ఫైలు తెరవకుండానే.