అతుక్కున్న అచ్చు

అచ్చు ఊడి రావడం లేదు.

షెడ్డు యజమాని మహేష్ అంచుల్లో చెక్కముక్కలు దిగగొట్టాడు. సందుల్లో నీళ్లు పోశాడు. నలుగురు చేరి లాగారు. చివరికి ఫెళ్లుమని శబ్దం వచ్చింది. అందరి ముఖాలూ వెలిగాయి.

వంగి చూసిన మహేష్ అలాగే నేలమీద కూలబడ్డాడు. ఫైబర్ అచ్చుతో పాటు దాని కింద ఉన్న కారు నమూనా కూడా పెచ్చులు పెచ్చులుగా లేచి వచ్చింది. అచ్చూ పోయింది, నమూనా పోయింది.

మైనం సరిగ్గా పట్టకపోతే అంతే. నమూనా మీద మైనం పూయాలి, ఆరాక మెరిసేదాకా రుద్దాలి, మళ్లీ పూయాలి. ఆ నునుపు ఉంటేనే పైన పరిచిన ఫైబర్ అతుక్కోకుండా విడివడుతుంది. ప్రొద్దుటూరులో ఎర్రగుంట్ల రోడ్డు పక్కనున్న ఆ షెడ్డులో మైనం పూసే పని మాబున్నిది.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

మైనం పూసిన రోజు సాయంత్రం మైదుకూరులో చిన్నాయన కూతురి నిశ్చితార్థం. బస్సు తప్పిపోతుందని, బానెట్ మీద చివరి పూత వేయకుండానే వెళ్లిపోయింది. పొద్దున్నే వచ్చి వేద్దామనుకుంది. పరుగు పరుగున వచ్చేసరికి మౌలాలి అప్పటికే నమూనా మీద ఫైబర్ పరిచే రెజిన్ జిగురు కొట్టేస్తున్నాడు. చెప్పడానికి నోరు రాలేదు. ఒక్క పూతకు ఏమవుతుందిలే అని సరిపెట్టుకుంది.

మౌలాలి ఆ షెడ్డుకు పెద్ద మేస్త్రీ. జీపు టాపైనా, ఆటో ముందుభాగమైనా ఆయన ఒక్కొక్కటిగా చేత్తో మలిచిందే. ఈసారి బెంగళూరు కంపెనీ ఒకటి చిన్న బ్యాటరీ కారుకు బాడీలు కావాలంది. చెక్కా థర్మాకోలూ పేర్చి, లప్పం పెట్టి, వేసవంతా గీకి, అరచేత్తో తడిమి తడిమి ఆయనే ఆ నమూనాకు రూపం తెచ్చాడు.

వచ్చినవాళ్లందరికీ మహేష్ దాన్ని గొప్పగా చూపించేవాడు. "మా మౌలాలి మామ చేతిపనప్పా ఇది. ఒక్కసారి అచ్చు వచ్చిందంటే సాలు, బాడీ ఎనక బాడీ తీస్తానే ఉండొచ్చు. ఇంక మామకు ఈ గీకే పని తప్పుతాది."

మౌలాలి నవ్వి ఊరుకునేవాడు.

ఇప్పుడు మహేష్ లేచాడు. అతని చూపు మాబున్ని మీదికి తిరిగింది. "మైనం ఎట్ల పూసినావు?"

ఆమె నోరు తెరిచేలోపే మౌలాలి అడ్డం వచ్చాడు.

"ఆ పిల్లను ఏం అడగాకప్పా. తప్పు నాది. రెజిన్‌లో హార్డెనర్ ఎక్కువ కలిపినా. వేడెక్కి పట్టేసింది."

"నువ్వా మామా? ఇన్నేండ్ల నుంచి చేస్తాండావు, నీకు తెలీదా?"

"నాదేనని చెప్తాండా గదా."

మహేష్ కోపంలో అనరాని మాటలన్నాడు. మౌలాలి సంచి భుజాన వేసుకుని సొంతూరు జమ్మలమడుగుకు బస్సెక్కేశాడు. మాబున్ని ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తను పూత వదిలేయడం ఆయన కనిపెట్టాడనీ, తన పని పోకూడదని నింద నెత్తిన వేసుకున్నాడనీ అనుకుంది మాబున్ని. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే! అన్నం ముందు కూర్చుంటే సంచితో వెళ్తున్న ఆ వీపే కళ్ల ముందు కదిలేది.

కంపెనీవాళ్లు ఇంకో అవకాశమిచ్చారు. కొత్త నమూనా లారీలో వచ్చి దిగింది. మహేష్ మైనం డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈసారి గూడా పూత నువ్వే మాబున్నీ. నీ చెయ్యి మీద నాకు నమ్మకం."

ఆమె డబ్బా కింద పెట్టేసింది. "జమ్మలమడుగు దాకా పోయొస్తాన్నా" అని, అతను ఎందుకని అడిగేలోపే బస్టాండు దారి పట్టింది.

మౌలాలి ఇంటి ముందు రేకుల పంచలో కూర్చుని, పగిలిన నీళ్ల ట్యాంకుకు అతుకు వేస్తున్నాడు. చిక్కిపోయాడు. ఆయన భార్య మంచినీళ్లిచ్చి గొంతు తగ్గించింది.

"వచ్చినప్పటి నుంచి ఇంతేమ్మా. ఏం జరిగిందో చెప్పడు, కడుపునిండా తినడు."

మాబున్ని వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది.

"పని ఎట్ల జరుగుతాంది?" తల ఎత్తకుండానే అడిగాడు మౌలాలి.

"కొత్త నమూనా వచ్చింది మామా. బెంగళూరులో మిషను మీద కోయించినారంట."

"అంతేలే. అచ్చొచ్చినా, మిషనొచ్చినా ఇంక మనిషి చెయ్యి యాడ కావాల?"

ఆమె ఆగలేకపోయింది. నిశ్చితార్థం, బస్సు, బానెట్ మీద వదిలేసిన పూత, అన్నీ ఏడుస్తూనే చెప్పేసింది. "నా తప్పు నువ్వు మోస్తాండావు మామా. మహేషన్న దగ్గర నిజం చెప్పేస్తా. నువ్వు నాతో రా."

మౌలాలి చెయ్యి ట్యాంకు మీద ఆగిపోయింది.

"మహేష్‌కు చెప్పినావా?"

"ఇంకా లేదు. ముందు నీ కాళ్లు పట్టుకోవాలని వచ్చినా."

"చెప్పాకు" అన్నాడు మౌలాలి.

"ఇంకా నన్నే కాపాడాలని చూస్తాండావా మామా?"

ఆయన మెల్లగా తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"నువ్వు వదిలేసింది ఒక్క పూతేనమ్మా... తక్కిన పూతలన్నీ ఆ పొద్దున నువ్వు రాకముందే థిన్నర్ గుడ్డతో తుడిచేసింది నేనే."