పదకొండో కోరిక

"ఐడీ కార్డు తీసి టేబుల్ మీద పెట్టు," అంది మేడమ్.

ఆ అమ్మాయి చెయ్యి మెడ దాకా వెళ్ళి ఆగిపోయింది. "నేనేం చేశాను మేడమ్?"

మేడమ్ అంటే ఆ వీడియో గేమ్ కంపెనీ యజమాని. ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పరిచింది. ఒకటి, వాళ్ళ అంతరిక్ష ఆట రెండో భాగానికి చీఫ్ డిజైనర్ రాసిన రహస్య ప్లాను. రెండోది, ఆ ఉదయం ఒక అభిమాని పెట్టిన పోస్టు. 'రెండో భాగంలో మీకేం కావాలి?' అని కంపెనీ తరఫున అడిగింది ఈ అమ్మాయే. అభిమానులకు జవాబులివ్వడమే ఆమె ఉద్యోగం, అందుకే ఆఫీసంతా ఆమెని జవాబులమ్మ అంటారు. వేలమంది తలా ఒకటి కోరారు. ఒకాయన మాత్రం కూర్చుని పదకొండు రాశాడు. ఆ పదకొండూ ప్లానులో ఉన్నాయి.

"చదువు," అంది మేడమ్.

జవాబులమ్మ చదివింది. మొదటి భాగంలో చనిపోయిన పైలట్ చెల్లెలు అంతరిక్ష ఓడలో చేరాలి. ఆడేవాళ్ళు అబద్ధమాడితే తోటివాళ్ళు దాన్ని చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి. తుపాకీ ఎత్తకుండా, మాటలతో కూడా శత్రువుని గెలవగలగాలి. పదకొండోది: ఓడలో ఒక పిల్లి ఉండాలి. పేరు దొరసాని. ఎడమ చెవి సగం తెగి ఉండాలి.

"పైలట్ చెల్లెలంటే ఎవరికైనా తట్టచ్చు. పిల్లి చెవి కూడానా?" మేడమ్ గొంతు పెరిగింది. "ఈ ప్లాను చూసింది మనం ముగ్గురమే. నేను, చీఫ్, ప్రకటనలు రాయాలని నువ్వు."

"నేనెవరికీ చెప్పలేదు మేడమ్. మా అమ్మ మీద ఒట్టు."

"ఆ ఒట్లేవో ఇంట్లో పెట్టుకో," అన్నాడు చీఫ్. కిటికీ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అలా తుడవడం అది మూడోసారి. "ఏడాదిపాటు తిండీ నిద్రా మానేసి రాశాను. ఆ పిల్లి అచ్చంగా నా బుర్రలోంచి పుట్టిన పిల్లి. పొద్దస్తమానం అభిమానులతో కబుర్లాడేది నువ్వు. ఎక్కడో నోరు జారుంటావు."

వినడానికి అది నిజంలాగే ఉంది. ఆమెని భయపెట్టింది కూడా అదే. లీకు చేసిందన్న మచ్చ పడితే ఇక ఏ గేమ్ కంపెనీ గడపా తొక్కనివ్వరు. ఆమెకి వచ్చిన పని ఇదొక్కటే, ఇష్టమైన పనీ ఇదే.

"ఆయన్నే అడుగుదాం మేడమ్," అంది కళ్ళు తుడుచుకుని. "ఆయన నంబరు మన దగ్గరుంది."

"అక్కర్లేదు!" అన్నాడు చీఫ్ చటుక్కున. "వాడు ఆ కాల్ రికార్డు చేసి ఊరంతా టాంటాం వేస్తాడు. ఈ అమ్మాయిని గుట్టుగా పంపించేస్తే పోయేదానికి ఎందుకండీ ఈ గొడవ?"

మేడమ్ ఇద్దరి వంకా చూసింది. "వీడియో కాల్ చెయ్యి. ఆయన నీ పేరు చెప్పాడో, సంగతి పోలీసుల దాకా పోతుంది. తెలిసిందా?"

ఫోను మోగింది. చాలాసేపు మోగింది. చివరికి తెర మీద ఒక కుట్టుమిషను, గుడ్డపేలికల గుట్ట, వాటి మధ్య మెడలో టేపు వేసుకున్న అరవయ్యేళ్ళ మనిషి కనిపించాడు.

"కోటు రేపిస్తానని చెప్పాను కదమ్మా," అన్నాడు ఆ దర్జీ ఎత్తగానే.

"కోటు కోసం కాదండీ. మీరు ఆడే ఆట ఉంది చూడండి, ఆ కంపెనీ నాదే," అంది మేడమ్.

దర్జీ స్టూలు మీంచి లేచి నిలబడిపోయాడు.

"ఆ పదకొండు కోరికలు మీకెవరు చెప్పారు?"

"కోరికలు ఒకరు చెబితే వస్తాయా అమ్మా? మిషను తొక్కుకుంటూ అనుకున్నవే అన్నీ."

"దాచకండి. ఈ అమ్మాయేనా చెప్పింది?" మేడమ్ ఫోను జవాబులమ్మ ముఖానికి పెట్టింది.

దర్జీ కళ్ళు చికిలించి చూశాడు. "ఈ అమ్మాయెవరో నాకు తెలీదండీ."

"బాగానే నేర్పించింది," అన్నాడు చీఫ్, ఫోనుకి కనబడకుండా గోడవారకి జరుగుతూ.

"సరే. చెవి తెగిన పిల్లి ఎక్కణ్ణించి వచ్చింది? అది చెప్పండి," అంది మేడమ్.

"దొరసానా? ఒక్క నిమిషం."

దర్జీ వెళ్ళిపోయాడు. తెర మీద ఖాళీ స్టూలు మిగిలింది. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది.

"పారిపోయాడు. నేను ముందే చెప్పానా?" అన్నాడు చీఫ్.

జవాబులమ్మ మెడలోంచి కార్డు తీసింది. ఇంక వాదించే ఓపిక లేదు. దాన్ని టేబుల్ మీద పెట్టబోతుండగా ఫోనులోంచి గట్టిగా 'మ్యావ్' వినిపించింది. దర్జీ చంకలో ఒక బొద్దు బూడిదరంగు పిల్లి గింజుకుంటోంది. దాన్ని మిషను మీద కూర్చోబెట్టి, తల ఇటు తిప్పాడు. ఎడమ చెవి సగమే ఉంది.

"పదేళ్ళ కిందట కుక్క కొరికిందమ్మా. షాపులో పెత్తనమంతా దీనిదే. అందుకే దొరసాని అని పెట్టుకున్నాను."

జవాబులమ్మే ముందు తేరుకుంది. కార్డు పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"మేడమ్, నేను నోరు జారితే ఆయనకి పిల్లి పేరు తెలుస్తుంది. దాని చెవి పదేళ్ళ కిందట తెగదు కదండీ?"

మేడమ్ ఫోనుని మెల్లగా గోడవైపు తిప్పింది.

చీఫ్‌ని చూడగానే దర్జీ ముఖం వెలిగిపోయింది.

"అరె, మీరూ అక్కడే ఉన్నారా సార్! పోయినేడు నేను రాసి పంపిన కోరికలు చదివి, ఇలాగే వీడియో కాల్ చేసి దొరసాని ఫొటో పంపమన్నారు కదా, అది అందినట్టు కబురే లేకపోయే, అందుకే ఇవాళ అన్నీ మళ్ళీ రాశాను!"