మూడో దిమ్మె

"మూడోది ఇంకా ఉందంట కద సార్?" అంది భాగ్యశ్రీ, ల్యాబు గుమ్మంలోనే నిలబడి.

ప్రొఫెసర్ అనంతపద్మనాభం చేతిలోని పెన్ను కింద పెట్టాడు. కంపెనీల్లో పన్నెండేళ్లు, కాలేజీలో పాఠాలూ కాంక్రీటు పరిశోధనా కలిపి ఇరవై ఆరేళ్లు. ఇంత సర్వీసులో ఆయన్ని ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

ఉంది. బీరువా మీద, గోడవైపు తిప్పి పెట్టిన జానెడు కాంక్రీటు దిమ్మె. దాని మీద మేకుతో గీసిన పేరు: అంజన్న. దాన్ని పారేద్దామని పంతొమ్మిదేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు, చేతులు రావు. ల్యాబులో ఒంటరిగా ఉంటే అది వెనకనుంచి తననే చూస్తున్నట్టుంటుంది. భయం వేస్తుంది.

శాలిబండలో అంజన్న మేస్త్రి కట్టిన మూడంతస్తుల ఇల్లు గృహప్రవేశానికి ముందే కూలింది. నలుగురు పోయారు. పిల్లర్లు పోసిననాడే, అదే మాలుతో పరీక్ష కోసం మూడు దిమ్మెలు పోసి కాలేజీకి పంపారు. అప్పటిదాకా వాటి మొహం చూసినవాడు లేడు. కేసు వచ్చాక రెండింటిని బరువుతో నొక్కి చూసే మెషిన్లో పెడితే రెండూ పిండయ్యాయి. సిమెంటు మింగేశాడన్నారు. అంజన్న జైలుకు పోయాడు.

"పోయిన నెల బాపు కాలం చేసిండు సార్. పాణం పోయేటప్పుడు గూడ ఒక్కటే మాట, నేను సిమెంటు తక్కువ ఎయ్యలే బిడ్డా అని. మా గల్లీల ఇప్పటికీ నన్ను కల్తీ మేస్త్రి బిడ్డ అంటరు. ఆ మూడోది గూడ మెషిన్ల పెట్టి చూడుండ్రి."

"ఎందుకమ్మా ఇప్పుడు? కొన్ని తెలియకపోతేనే మనసుకు నయం."

"నాకేం ఫికర్ లేదు సార్. బాపు అబద్ధం ఆడడు."

ఇక కాదనలేకపోయాడు. దిమ్మెను దించి మెషిన్లో పెట్టాడు. నలభై అయిదు టన్నులు మోస్తే అంజన్న నిర్దోషి. ముల్లు కదిలింది. భాగ్యశ్రీ చేతులు జోడించింది. నిలబడు, ఈ ఒక్కసారికి నిలబడు అని ఆయనా లోలోపల మొక్కుకున్నాడు. జీవితంలో ఏదీ అంతగా కోరుకోలేదు.

పదహారు దగ్గరే టప్పుమని పగిలింది.

భాగ్యశ్రీ ఆ పొడిని చేత్తో తాకి చూసింది. "గింత నమ్మితి గద బాపూ," అంటూ భోరున ఏడ్చింది. ఆయన మంచినీళ్లిచ్చాడు.

"మీరు ముందే చెప్పిన్రు సార్. నేనే ఇనలే," అని దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ ఇంటి పిల్లర్లకు తప్పుడు డిజైను ఇచ్చిన అనంతపద్మనాభం, ఇల్లు కూలిన రోజే అంజన్న పోసిన అసలు దిమ్మెలను పురానాపూల్ వంతెన మీంచి మూసీలో పడేసి, వాటి బదులు ఈ మూడింటినీ సిమెంటు తక్కువ వేసి తన చేత్తో పోశాడు.