మా ఇంట్లో రోజూ

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో ఆదివారం తెలుగు క్లాసు. "మీ ఇంట్లో రోజూ ఏం జరుగుతుందో చెప్పండి" అంది హరిణి టీచర్.

ఇందు లేచి, కళ్ళు మూసుకుని, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. "సైరన్ కూయగానే నాన్న క్యారేజీ పట్టుకుని వర్క్‌షాప్‌కి ఎల్తాడు. మళ్ళీ సాయంత్రం సైరన్‌కి వచ్చేస్తాడు."

ఇందు నాన్నకి వర్క్‌షాప్‌లో ఆ కాంట్రాక్టు పని పోయి నెల దాటిందని హరిణికి తెలుసు. నిన్న మధ్యాహ్నం పూరీ గేట్ దగ్గర, మూత తియ్యని క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తనని చూసి తల తిప్పేసుకున్నాడు.

పాపం, పిల్లకి తెలియదు.

"బాగా చెప్పావమ్మా."

క్లాసయ్యాక ఇందు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"తప్పులేటైనా ఉన్నాయా టీచర్? నాన్నే బట్టీ పట్టించినాడు. అమ్మ అడిగితే ఎక్కడా తడబడకూడదంట."