గోడ అవతలి మనిషి

రోషెల్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోయే పాపతో, పిలిస్తే పలికేవాళ్లు లేని చోట ఒంటరిగా మిగిలిపోవడం.

మంగళవారం పొద్దున ఆ భయం భర్త ఫోనుకి వచ్చింది.

"నన్ను వెల్‌బరీ జట్టుకి ఇచ్చేశారు," అన్నాడు ఆమె భర్త కోర్డెల్ మేబ్రీ. ఎంత దూరం విసిరినా బంతిని కింద పడనివ్వకుండా అందుకునే ఆ చేతుల్లోంచి ఫోను జారి సోఫాలో పడింది. "బదులుగా ఇద్దరు కుర్రాళ్లని తెచ్చుకున్నారు. నేను ఇవాళే బయల్దేరాలి. నువ్వూ పాపా శనివారం వచ్చేయండి."

"అక్కడ గోడ అవతల ఎవరుంటారు?"

"ఏదన్నా అయితే ఫోన్ చెయ్యి."

"ఫోను ఊదుతుందా దాని మొహం మీద?"

కోర్డెల్ బ్యాగు భుజాన వేసుకుని, పాప నెత్తి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయాడు.

గోడ అవతల ఉండేది ఇర్మా నోవిన్‌స్కీ. ఒకే కప్పు కింద రెండు వాటాలు. మధ్యలో ఒక్క గోడ. పాపకు ఊపిరి ఆగినప్పుడల్లా రోషెల్ ఆ గోడ మీద గుద్దేది. ఇటు రెండో గుద్దు పడేలోపే అటునుంచి జవాబు గుద్దు వినిపించేది, వెనకే ఇర్మా వచ్చేసి పాప మొహం మీద ఊది ఊపిరి తెప్పించేది. ఆవిడకు ప్రపంచంలో ఉన్నవి రెండే: ఈ పాప, కోర్డెల్ నిన్నటిదాకా ఆడిన కెన్నిట్ డాక్‌మెన్ జట్టు. మొగుణ్ని కూడా జట్టు టోపీ పెట్టే పాతిపెట్టిన మనిషి.

కెన్నిట్ ఊళ్లో అభిమానులకి ఓ అలవాటుంది. ఆటగాడు వేరే జట్టుకు వెళ్లిపోతే, వాడి పేరున్న జెర్సీని పారేయరు. వీపు మీది పేరుకి తెల్ల టేపు అంటించి, దానిపైన కొత్తవాడి పేరు రాసేసుకుంటారు. మధ్యాహ్నానికల్లా వీధంతా అదే పని. ఎదురింటాయన వీపున టేపు. ఉత్తరాలు తెచ్చినతని వీపున కూడా టేపు.

వరండాలో కుర్చీ వేసుకుని ఇర్మా కూడా ఒళ్లో జెర్సీ పెట్టుకుంది. టేపు పళ్లతో కొరికి తెంపుతోంది.

"ఇర్మాగారూ..." అంది రోషెల్ గుమ్మంలోంచి.

ఇర్మా జెర్సీని గబుక్కున మడిచింది. "పనిలో ఉన్నా, పిల్లా."

"ఆయన కావాలని వెళ్లలేదండీ. జట్టువాళ్లే..."

"ఒకడికి మీసమే మొలవలేదు. రెండోవాడికి మోకాలు బాగోదు. మా మేబ్రీని ఇచ్చి తెచ్చుకున్న బంగారాలు!" ఇర్మా ఇంకో టేపు ముక్క కొరికింది. "నాతో మాట్లాడకు ఇప్పుడు."

రోషెల్ తలుపు వేసుకుంది. ఇంకా శనివారం కూడా రాలేదు, అప్పుడే ఒంటరిదైపోయింది.

వంటింటి సామాను పెట్టెలో సర్ది, మూత మీద అంటించడానికి టేపు బర్రుమని లాగింది. ఆ చప్పుడుకి పాప ఉలిక్కిపడి లేచింది. ఒక్క కేక పెట్టింది. రెండో కేక రాలేదు. నోరు తెరిచే ఉంది, ఊపిరి లేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి.

రోషెల్ గోడ మీద గుద్దింది.

జవాబు లేదు.

మళ్లీ గుద్దింది. గోడ అవతల ఏ అలికిడీ లేదు. పాపను ఎత్తుకుని వీధి వైపు పరుగెత్తబోతే తలుపు తెరుచుకుంది. గొంతు దాకా గుండీలు పెట్టిన పొడుగు కోటులో ఇర్మా.

రోషెల్ పాపను ఆవిడ చేతులకి అందించబోయింది. ఇర్మా రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"నేను పట్టుకోను."

"ఇర్మాగారూ! పాప!"

"నీ పాప. సోఫాలో పక్కకి తిప్పి పడుకోబెట్టు. వణక్కు, నువ్వు వణికితే దానికి తెలిసిపోతుంది. ఆఁ, ఇప్పుడు మొహం మీద ఊదు. తుఫాను కాదే, వేడి సూప్ మీద ఊదినట్టు ఊదు!"

రోషెల్ ఊదింది. ఏమీ లేదు. మళ్లీ ఊదింది. పాప పెదవి అదిరింది. గుండెల నిండా గాలి లాక్కుని, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు రోషెల్‌కి.

"ఇంత కోపమా మా మీద?" పాపను గుండెకి హత్తుకుని ఏడుస్తూ అడిగింది. "బిడ్డని ముట్టుకోనంత?"

"వెల్‌బరీలో నువ్వు గోడ పగిలేలా గుద్దినా నేను రాలేనుగా," అంది ఇర్మా. "ఊపిరి వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"ఎవరు తెప్పించారు?"

"నేనే."

"మరి ఏడుపెందుకు? అదొకత్తి ఏడుస్తోందిగా, చాలు." ఇర్మా కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టింది. "మీ ఇంట్లో ఉక్క చంపేస్తోంది."

కోటు కొక్కేనికి తగిలించడానికి ఆవిడ అటు తిరిగింది. లోపల ఆ జెర్సీయే. వీపు చూడలేక రోషెల్ కళ్లు మూసుకుంది. ఎంతకీ ఆగలేక తెరిచింది.

వీపు మీద 'మేబ్రీ' అన్న పేరు అలాగే ఉంది. ఒక్క అక్షరం మీద కూడా టేపు లేదు.

"మరి ఇందాక తెంపిన ఆ టేపంతా...?"

ఇర్మా ఇటు తిరిగింది. ఛాతీ మీద, డాక్‌మెన్ అని జట్టు పేరు ఉండాల్సిన చోట, పొర మీద పొర తెల్ల టేపు.

"ఆదివారం ఆటకి ఇదే వేసుకెళ్తా," అంది.

మీలో ఎవరైనా ఆదివారం కెన్నిట్ స్టేడియానికి వెళ్తే, ఉత్తరం వైపు మెట్ల మీద, ఊరంతా అరుస్తున్నా కదలకుండా ఒక ముసలావిడ ఆ జెర్సీలోనే కూర్చుని ఉంటుంది. కాస్త దగ్గరికెళ్లి ఎలా ఉందో చూసి రండి, ఇప్పుడు గోడ అవతల ఎవరూ లేనిది ఆవిడకే.