సుశాంత్ మెచ్చిన ఆరు స్తంభాలు

“ఎవరూ మాట్లాడకండి. ముందు కట్టడం మాట్లాడాలి” అన్నాడు సుశాంత్, కారు తలుపు కూడా వేయకుండా.

మెట్ల మీద నిలబడ్డ పాండురంగం నోరు మూసుకున్నాడు. ఆయన భార్య ఇంద్రమ్మ కూడా మూసుకుంది. కట్టడం మాత్రం ఏమీ మాట్లాడలేదు. అయినా సుశాంత్‌కు అన్నీ వినిపించాయి. హైదరాబాదు నుంచి వచ్చిన పాత కట్టడాల నిపుణుడు మరి.

వికారాబాదులో తాండూరు రోడ్డును వెడల్పు చేస్తున్నారు. రెండు వైపులా తీస్తే రెండు వైపులా గొడవ కాబట్టి, ఒకవైపే తీద్దామని అధికారులు తెలివిగా తేల్చారు. ప్రెస్బిటేరియన్ చర్చి ఉన్న వరసను ముట్టుకోవద్దని సంఘపెద్ద బాలస్వామి దరఖాస్తు పెట్టుకున్నాడు. చర్చికి అంత చరిత్ర ఉందో లేదో సుశాంత్ చెప్పాలి. ఉందంటే ఎదురు వరస నేలమట్టం. లేదంటే చర్చి నేలమట్టం. ఆయన రేపు రావాలి. పనిమంతుడు గనక ఇవాళే వచ్చాడు. బాలస్వామేమో బషీరాబాదులో చుట్టాలింటికి పోయాడు.

సుశాంత్ దరఖాస్తుకు గుచ్చిన పాత ఫొటో తీశాడు. ఆరు స్తంభాలు, వాటి నెత్తిన త్రికోణం, ముందు ఏడు మెట్లు. తలెత్తి చూశాడు. ఆరు స్తంభాలు, త్రికోణం, ఏడు మెట్లు.

“అచ్చు గుద్దినట్టుంది! గ్రీకు గుళ్ల పోలిక. నియో క్లాసికల్ అంటారు. నూట పదిహేనేళ్లయినా ఒక్క పెచ్చు ఊడలేదు, చూశారా?”

“ఏడాదికొక్కపారి రంగేపిస్త సార్. పాణం లెక్క జూసుకుంట” అన్నాడు పాండురంగం.

“మీరు సంఘంలో సభ్యులా?”

“నాకు అందరు దేవుండ్లు ఒక్కటే సార్. గీ బిల్డింగు పోతే మాత్రం నేను బతుక.”

ఆ మాటలో రవ్వంత అబద్ధం లేదు. సుశాంత్ కళ్లు చెమర్చాయి. ఒక స్తంభాన్ని వేలితో కొట్టి చూశాడు. డొల్లగా మోగింది.

“విన్నారా? బరువు తగ్గడానికి లోపల ఖాళీ వదిలారు. ఆ దొరల తెలివి ఇప్పటివాళ్లకెక్కడిది?”

“మా మేస్త్రి చెన్నయ్య గూడ ఆ దొరలు గట్టింది జూసే...” అనబోయింది ఇంద్రమ్మ.

“నువ్వు చాయ్ తేపో” అన్నాడు పాండురంగం.

ఆమె పోలేదు. వాళ్ల వెనకే హాల్లోకి వచ్చింది. ఎదురుగా వేదిక, దాని మీద ఎర్ర మఖ్మల్ పరిచిన రెండు పెద్ద కుర్చీలు.

“ప్రెస్బిటేరియన్లంటే పెద్దల పాలన” అని సుశాంత్ పాఠం మొదలుపెట్టాడు. “ఇవి ఆ సంఘపెద్దల ఆసనాలు.”

“ఔ సారూ, ఇద్దరే కూసుంటరు” అంది ఇంద్రమ్మ.

“నేల చూడండి, ఏం రంగు!”

“అది పసుపు సారూ, మొన్న...”

“తెలుసమ్మా, తాండూరు పసుపు రాయి. దాని మీద నేను వ్యాసమే రాశాను.”

వ్యాసం రాసినాయనకు ఎదురు చెప్పడం ఇంద్రమ్మ వల్ల కాలేదు. మూలనున్న చీపురును కాలితో పక్కకు నెట్టింది.

బయటికి రాగానే సుశాంత్ మొహం చిట్లించాడు. రోడ్డుకు అవతల ఒక నీలి అద్దాల భవనం ఎండకు తళతళలాడుతోంది. షట్టరు దించి ఉంది.

“ఛీ, అదేమిటి? చెప్పుల దుకాణమా?”

“పోయినేడే అద్దాలు వెట్టిచ్చిండ్రు సార్. పాతగ కనవడితే జనం వస్తలేరంట.”

“ఇప్పుడొస్తున్నారా?”

“ఐతారం మస్తు గిరాకి.”

“ఇంత గొప్ప కట్టడం ఎదుట కంట్లో నలుసులా ఉంది. పోనీండి, ఈ రోడ్డు పుణ్యాన ఆ పీడ విరగడవుతుంది.”

“సారూ, ఒక్కపారి దాని లోపల గూడ జూస్తే...” అంది ఇంద్రమ్మ.

“అద్దాల వెనక ఏముంటుందమ్మా? ఇంకొన్ని అద్దాలు!”

తన చమత్కారానికి తానే నవ్వుకుని, కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. తాను నిలబడ్డ తూర్పు వరస ముట్టరాదు, అద్దాలున్న పడమటి వరస తీసివేయవచ్చు. సంతకం, ముద్ర. ఒక ప్రతి పాండురంగం చేతికిచ్చి, రెండో ప్రతిని అధికారులకు ఇవ్వడానికి వెళ్లిపోయాడు.

“అవతలోళ్ల గతేంది?” అంది ఇంద్రమ్మ.

“అద్దాలు వెట్టుకోమని నేను జెప్పిన్నా? నేనొక్క అబద్ధమన్న ఆడిన్నా?”

ఇంతలో షేర్ ఆటో ఆగింది. బాలస్వామి పరుగులాంటి నడకతో వచ్చాడు.

“పటేలా, సారు ఇయ్యాలనే వచ్చిండంట గదా! ఏమన్నడు?”

పాండురంగం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “చర్చిని ముట్టొద్దని రాసిచ్చిండు.”

బాలస్వామి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాడు. “మా తాత రాళ్లు మోసి కట్టిండు పటేలా. నా కండ్ల ముందట కూలుతదని నెల దినాల సంది నిద్రలేదు. నేను లేకున్నా నువ్వు దగ్గరుండి చూపిచ్చినవు. నీ మేలు మర్వ.”

ఇంద్రమ్మ మొహం తిప్పుకుంది. సిగ్గుతో ఆమెకు చచ్చిపోవాలనిపించింది.

“ముందుగాల దేవునికి చెప్పాలె” అంటూ బాలస్వామి జేబులోంచి తాళంచెవి తీశాడు.

పాండురంగం పెళ్లిళ్ల హాలు ముందు నుంచి రోడ్డు దాటి, అద్దాల భవనం షట్టరెత్తి, లోపల దాగిన ఆరు స్తంభాల పక్కనుంచి పోయి, చర్చి గంట కొట్టాడు.